ఊరి ఆరోగ్యము కాపాడువారి ఆరోగ్యము

కనగానపల్లి ప్రాంతమున ఏదేని ఒక గ్రామములో త్రాగునీటి మోటారు చెడిపోయినదనుకొందము. ఆనాటి సాయంకాలమునకే సర్పంచి ఇంటి ముంగిట జనము గుమిగూడుదురు. మెకానిక్కునకు కబురు పోవును. మోటారు పైకి తీయుటకు మనుష్యులు సిద్ధమగుదురు. వానలు తక్కువైన ఈ సీమలో నీటి మోటారు ఆగినచో ఊరంతయు ఆగునని పంచాయతీ సభ్యులకు వేరుగా చెప్పవలసిన పని లేదు.

అదే గ్రామమున గర్భిణులకు రక్తపోటు చూచుచు, బిడ్డలకు టీకాలు వేయుచు, వృద్ధులకు చక్కెర పరీక్ష చేయుచు ఉండు నర్సమ్మగారు ఉన్నారు. ఇంటింటికి తిరుగు ఆశా కార్యకర్త ఉన్నారు. వారు తమ రక్తపోటును కడపటిసారి ఎన్నడు చూపించుకొన్నారు? వారికి జబ్బు చేసినచో ఎచ్చటికి పోవుదురు? వారు సెలవుపై నుండిన దినములలో ఊరి టీకాల పని ఎవరు చూతురు? ఈ ప్రశ్నలు పంచాయతీ సమావేశములలో వినవచ్చుట అరుదు. దీపము క్రింద చీకటి యని పెద్దలు చెప్పిన సామెత ఈ విషయమున అక్షరాల సరిపోవును.

గ్రామమున వైద్య సహాయము చేయువారికే అనారోగ్యము కలిగినపుడు ప్రభుత్వపరముగా ఏ యేర్పాట్లు కలవు, చట్టము ఏమి చెప్పుచున్నది, పంచాయతీ ఏమి చేయవచ్చును, ఏమి చేయరాదు అను సంగతులను ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

వీరు ఎవరు?

గ్రామస్థాయిలో డాక్టరునకు చేదోడుగా నిలుచువారు ముఖ్యముగా మూడు విధములవారు. మొదటివారు ఆశా కార్యకర్తలు. 2005వ సంవత్సరము ఏప్రిల్ 12వ తేదీన ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ క్రింద, సుమారు వేయిమంది జనాభాకు ఒకరు చొప్పున వీరు ఏర్పడిరి. రెండవవారు ఎ.ఎన్.ఎం.లు, ప్రజలు నర్సమ్మ యని పిలుచునది వీరినే. మూడవవారు సి.హెచ్.ఓ.లు, అనగా సామాజిక ఆరోగ్య అధికారులు. వీరు నర్సింగు చదివి, గ్రామీణ ఆరోగ్యమున ప్రత్యేక శిక్షణ పొందినవారు. 2018లో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ కార్యక్రమము క్రింద ఉపకేంద్రములను పెంపుచేసినపుడు వీరి నియామకము జరిగినది. రోగిని చూచి, సాధారణమైన జబ్బులకు మందులిచ్చి, అవసరమైనచో ఈ-సంజీవని ద్వారా దూరముననున్న డాక్టరుతో రోగిని మాటలాడించుట వీరి పని.

డాక్టరు కాకున్నను డాక్టరు పనిలో పాలుపంచుకొను ఇట్టివారిని ఇతర దేశములలో వైద్య సహాయకులందురు. మన దేశమునను 2021లో పార్లమెంటు ఆమోదించిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టము ఈ వృత్తికి గుర్తింపునిచ్చినది. పేరు ఏదియైనను వీరి కష్టము ఒక్కటియే. దినమంతయు రోగుల నడుమ మెలగుదురు. తమకు రోగము వచ్చినపుడు మాత్రము నోరు విప్పరు.

ఎందుకు దాచుకొందురు?

దీనికి మూడు భయములు కారణములు. మొదటిది పరువు భయము. "నర్సమ్మకే క్షయ యట" అను మాట ఊరిలో పుట్టినచో, రేపటి నుండి బిడ్డను ఆమె చేతికి ఎవరిత్తురు? రెండవది జీవనోపాధి భయము. క్రమబద్ధ ఉద్యోగికి ఉండునంత సెలవుల భద్రత ఒప్పందముపై పనిచేయువారికి ఉండదు. ఆశా కార్యకర్తల సంపాదనలో కొంత భాగము చేసిన పనిని బట్టి వచ్చునది. పని మానినచో ఆ మేరకు చేతికి వచ్చునది తగ్గును. మూడవది పని భయము. తాను నాలుగు దినములు లేకున్న తన జాబితాలోని గర్భిణుల గతి యేమని ఆమె నిజముగనే కలత చెందును.

ఫలితము ఏమగును? ముప్పది సంవత్సరములు నిండిన వారందరికి రక్తపోటు, చక్కెర వ్యాధి, కాన్సరు లక్షణములను గూర్చి విచారించు ఫారములను నింపునది ఆమెయే. అందరి వరుసలు నిండియుండును. ఆమె వరుస మాత్రము ఖాళీగా నుండిపోవుట కద్దు. రెండు వారములకు మించి దగ్గు ఉన్నచో కళ్లె పరీక్ష చేయించుకొమ్మని ఇంటింట చెప్పునదియు ఆమెయే. తన దగ్గును మాత్రము ధూళి వలనననియో, ఎండ వలనననియో సరిపెట్టుకొనును. అట్లు దాచిన దగ్గు నిజముగా క్షయయే యైనచో, ఆమె ప్రతిదినము ప్రవేశించు ఇండ్లలో బాలింతలు, పసికందులు కలరను సంగతి మరువరాదు. కావున ఇది ఆమె సొంత విషయము మాత్రమే కాదు. గ్రామము మొత్తమునకు సంబంధించిన విషయము.

ఇతర దేశముల అనుభవము

వైద్య సహాయక వృత్తి ఒక క్రమమైన విద్యగా రూపొందినది అమెరికాలో. 1965లో నార్త్ కరోలినా రాష్ట్రమునందలి డ్యూక్ విశ్వవిద్యాలయమున డాక్టరు యూజీన్ స్టెడ్ ఈ శిక్షణను ఆరంభించిరి. నౌకాదళమున వైద్య సేవ చేసి వచ్చినవారు అందు తొలి విద్యార్థులు. 1967లో ముగ్గురు పట్టభద్రులై వెలువడిరి. నేడు ఆ దేశమున ఈ వృత్తి మిక్కిలి వ్యాపించినది.

డాక్టర్లలోను, వైద్య సహాయకులలోను కొందరు మద్యమునకు, మత్తు మందులకు లోబడుట, మనోవ్యాధికి గురియగుట, అయినను లైసెన్సు పోవునను భయముతో దాచుకొనుట అచ్చట సమస్యగా పరిణమించినది. 1973లో అమెరికన్ వైద్య సంఘము రోగగ్రస్తుడైన వైద్యుని గూర్చి ఒక నివేదిక ప్రకటించినది. తరువాతి సంవత్సరములలో పలు రాష్ట్రములు ప్రత్యేక సహాయ కార్యక్రమములను నెలకొల్పినవి. అనేక రాష్ట్రములలో వైద్య సహాయకులకు కూడ వాటిలో ప్రవేశము కలదు. వాటి పద్ధతి సులభముగా చెప్పవచ్చును. బాధితుడు తానై ముందుకు వచ్చినచో, అతని సంగతి గోప్యముగా నుంచి, చికిత్స చేయించి, కొంతకాలము కనిపెట్టియుండి, తిరిగి పనిలో ప్రవేశపెట్టుదురు. అతని వలన రోగులకు అపాయము లేనంతవరకు, అతడు చికిత్సను పాటించినంతవరకు, శిక్ష మాట ఎత్తరు.

ఇందలి సూత్రము ఇది: గోప్యత లేనిచోట నిజము బయటికి రాదు, నిజము బయటికి రానిచోట రోగికిని, ఊరికిని రక్షణ ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడ 2021వ సంవత్సరమును ఆరోగ్య కార్యకర్తల సంవత్సరముగా ప్రకటించి, వారి క్షేమము వైపు అన్ని దేశముల దృష్టిని మరలించినది.

మన ఉపకేంద్రములలో పనిచేయువారి కొరకు అట్టి ప్రత్యేక సంస్థ నెలకొనలేదు. అయినను వేరువేరుగానున్న ఏర్పాట్లను తెలిసికొని ఒకచోట చేర్చినచో చాలవరకు అదే ప్రయోజనము సిద్ధించును. ఆ చేర్చు పనిలోనే పంచాయతీ సహాయము కావలసియున్నది.

చికిత్స ఖర్చులకు ఉన్న ఏర్పాట్లు

రాష్ట్ర ప్రభుత్వపు క్రమబద్ధ ఉద్యోగులకును, వారి కుటుంబములకును ఉద్యోగుల ఆరోగ్య పథకము కలదు. హెల్త్ కార్డు చూపి, పథకములో చేరిన ఆసుపత్రులలో నగదు చెల్లింపకయే చికిత్స పొందవచ్చును.

ఆరోగ్యశ్రీ పథకము 2007వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన తొలుత మూడు జిల్లాలలో ఆరంభమైనది. ఆ మూడింటిలో అనంతపురము ఒకటి. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడువరకు కనగానపల్లి ఆ జిల్లాలోనిదే గనుక, ఈ పథకము ఫలము మొదట అందిన ప్రాంతములలో మనదియు ఒకటి. ఆ పథకమే 2024 నుండి డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ అను పేరున నడచుచున్నది. ఉద్యోగుల పథకము వర్తింపని కార్యకర్తలు తమ కుటుంబమునకు ఇందు అర్హత కలదో లేదో గ్రామ సచివాలయమున విచారించుకొనవలెను.

ఆశా కార్యకర్తలకు, అంగన్‌వాడీ కార్యకర్తలకు, సహాయకులకు ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య రక్షణను వర్తింపజేయుదుమని 2024వ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీన కేంద్ర ప్రభుత్వము ప్రకటించినది. కుటుంబమునకు సంవత్సరమునకు 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స ఈ పథకపు పరిమితి. ఇంతకు పూర్వమే, 2018లో, అర్హులైన ఆశా కార్యకర్తలకు ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, సురక్షా బీమా పథకముల రక్షణ కల్పింపబడినది. ఈ రెండింట ఒక్కొక్కదాని మొత్తము 2 లక్షల రూపాయలు. మొదటిది ఏ కారణమున మరణము సంభవించినను, రెండవది ప్రమాదమున మరణము గాని, పూర్తి వైకల్యము గాని సంభవించినను వర్తించును.

మన రాష్ట్రమున ఆశా కార్యకర్తలకు మొదటి రెండు కాన్పులకు వేతనముతో కూడిన 180 దినముల ప్రసూతి సెలవు ఇచ్చుటకు 2025వ సంవత్సరము మార్చి నెలలో ప్రభుత్వము నిర్ణయించినది. ఊరి తల్లుల కాన్పులన్నియు చూచిన స్త్రీ తన కాన్పునకు వెరపు లేకుండ ఇంట నుండవలెనన్న న్యాయము ఇందు గుర్తింపబడినది.

కరోనా కాలము నేర్పిన పాఠమును కూడ మరువరాదు. 2020వ సంవత్సరము మార్చి 30వ తేదీ నుండి కరోనా విధులలోనున్న ఆరోగ్య కార్యకర్తలకు 50 లక్షల రూపాయల బీమా అప్పట్లో కల్పింపబడినది. ఆశా కార్యకర్తలు కూడ అందు చేరియుండిరి. 2021వ సంవత్సరము జనవరి 16వ తేదీన దేశమున టీకా ప్రారంభమైనపుడు మొదటి వరుసలో నిలిపినది ఆరోగ్య సిబ్బందినే. ఊరిని కాపాడువారిని ముందుగా కాపాడవలెనను సూత్రము అప్పుడు అందరికిని అర్థమైనది. ఆపద తీరిన పిదప దానిని మరచుట తగదు.

సూది గ్రుచ్చుకొన్నచో

ఆరోగ్య కార్యకర్తలకు ప్రత్యేకముగా కలుగు అపాయములలో ముఖ్యమైనది వాడిన సూది చేతికి గ్రుచ్చుకొనుట. ఆ సూది రోగి రక్తముతో కలుషితమైనదైనచో, రక్షణ టీకా లేనివారికి హెపటైటిస్-బి సోకు అవకాశము నూటికి ముప్పది వరకు ఉండవచ్చును. హెచ్.ఐ.వి. విషయమున అది వేయింటికి మూడు మాత్రమే.

సూది గ్రుచ్చుకొన్న వెంటనే ఆ చోటును సబ్బుతోను, పారు నీటితోను కడుగవలెను. పిండరాదు, వ్రేలు నోట పెట్టుకొనరాదు. ఆలస్యము చేయక ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరునకు తెలుపవలెను. హెచ్.ఐ.వి. నివారణ మందులు అవసరమని డాక్టరు భావించినచో, వాటిని వీలైనంత త్వరగా, రెండు గంటలలోపుననైన మరియు మంచిది, మొదలిడవలెను. 72 గంటలు దాటిన పిదప ప్రయోజనముండదు. మందులు 28 దినములు వాడవలసియుండును. హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులు; మొదటిదాని తరువాత ఒక నెలకు రెండవది, ఆరు నెలలకు మూడవది వేయించుకొనవలెను.

2017నాటి హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ చట్టము 2018వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీ నుండి అమలునందున్నది. వైద్య సేవ చేయు సంస్థలు తమ సిబ్బందికి రక్షణ సామగ్రిని, శిక్షణను, పై మందులను సమకూర్చవలెనని ఈ చట్టము నిర్దేశించుచున్నది. వ్యాధి యున్నదన్న కారణమున ఉద్యోగములో వివక్ష చూపుటను నిషేధించుచున్నది. వ్యక్తి అనుమతి లేక ఆతని వ్యాధి స్థితిని వెల్లడించుటను సామాన్యముగా కాదనుచున్నది.

క్షయ, మనోవేదన

క్షయ నయమగు వ్యాధి. సాధారణ క్షయకు ఆరు నెలల చికిత్స చాలును. సరియైన మందులు క్రమముగా వాడ మొదలిడిన కొలది వారములకే ఇతరులకు అంటు స్వభావము మిక్కిలి తగ్గిపోవును. ప్రభుత్వ కేంద్రములలో మందులు ఉచితము. చికిత్స కాలమున పోషకాహారమునకై నిక్షయ్ పోషణ యోజన క్రింద ఇచ్చు సహాయము 2024 నవంబరు నుండి నెలకు 1,000 రూపాయలకు పెరిగినది. ఆరోగ్య కార్యకర్తకు కూడ ఈ సహాయము వర్తించును. ఆమె సిగ్గుపడవలసిన అవసరము లేదు.

మనోవేదన కంటికి కనిపింపదు. చేతులలో ఒక బిడ్డ ప్రాణము విడిచిన రాత్రి నర్సమ్మకు నిద్ర పట్టదు. ఇంటి చిక్కులు, పని ఒత్తిడి, ఒకరిద్దరి దుర్భాషలు కలిసి మనస్సును క్రుంగదీయును. 2022వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీన ఆరంభమైన టెలి-మానస్ సేవకు 14416 నంబరున ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును. తెలుగున మాటలాడవచ్చును. 2017నాటి మానసిక ఆరోగ్య రక్షణ చట్టము ప్రకారము ఆ చికిత్స వివరములు గోప్యముగా నుంచవలసినవి.

ఎచ్చటికి పోవలెను?

తాము పనిచేయు కేంద్రముననే చూపించుకొనుటకు చాలమంది జంకుదురు. సాటి సిబ్బందికి, తెలిసిన రోగులకు సంగతి తెలియునను సంకోచము సహజము. తాను పనిచేయు చోటనే చికిత్స పొందవలెనను నిర్బంధము లేదు. ధర్మవరమున ప్రభుత్వ ఆసుపత్రి కలదు. హిందూపురమున జిల్లా ఆసుపత్రి, అనంతపురమున వైద్య కళాశాలతో కూడిన సర్వజన ఆసుపత్రి కలవు. బత్తలపల్లిలో ఆర్.డి.టి. సంస్థ ఆసుపత్రి క్షయ, హెచ్.ఐ.వి. చికిత్సలో పేరు పొందినది. తనకు వీలైన, ఎవరును గుర్తింపని చోటును ఎంచుకొనుట కార్యకర్త హక్కు. ఆమె ఒక దినము సెలవుపై పోయినచో "ఎందులకు, ఎచ్చటికి?" అని గ్రామము ఆరా తీయరాదు.

పంచాయతీ చేయదగినవి

పంచాయతీ సభ్యులు ఇచ్చట ఒక భేదమును గమనింపవలెను. కార్యకర్త వ్యాధిని విచారించుట మన పని కాదు; ఆమెకు కావలసిన ఏర్పాట్లను విచారించుట మన పని. ఈ క్రింది విషయములు అట్టివి.

1. సంవత్సరమునకు ఒక దినము. గ్రామపు ఆశా కార్యకర్తలు, ఎ.ఎన్.ఎం., సి.హెచ్.ఓ., అంగన్‌వాడీ సిబ్బంది తమ పరీక్షలు చేయించుకొనుటకు సంవత్సరమునకు ఒక దినమును కేటాయింపుడని ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరును కోరవచ్చును. పరీక్షలు జరిగినవా అని మాత్రమే అడుగవలెను. ఫలితములు ఏమని అడుగరాదు.

2. టీకా, సూది పెట్టె. అందరికి హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులు పూర్తియైనవా? వాడిన సూదులను కత్తిరించు పరికరము, వాటిని వేయు గట్టి పెట్టె ఉపకేంద్రమున కలవా? ఇవి లేకున్నచో డాక్టరునకు వ్రాతపూర్వకముగా తెలుపవలెను.

3. మారు మనిషి. కార్యకర్త సెలవుపై పోయినపుడు ఆమె పనిని ఎవరు చూతురో ముందుగనే నిర్ణయింపుడని కోరవలెను. ఈ ఒక్క ఏర్పాటు వలన ఊరికి పని ఆగదు. ఆమెకు అపరాధ భావము ఉండదు. సకాలమున చికిత్సకు పోవుటకు ఇంతకు మించిన ప్రోత్సాహము లేదు.

4. ఉపకేంద్రపు వసతి. నీరు, మరుగుదొడ్డి, దీపము, గడియ గల తలుపు ఉన్నవా? మరుగుదొడ్డి లేని చోట పనిచేయు స్త్రీలు దినమంతయు నీరు త్రాగుట మానుకొందురు. మూత్ర సంబంధమైన జబ్బులకు ఇదియొక కారణము. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘమున ఈ విషయము చర్చింపవచ్చును. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో "ఆరోగ్యవంతమైన గ్రామము" అను అంశము క్రింద కూడ చేర్చవచ్చును.

5. రాత్రి ప్రయాణము. అర్ధరాత్రి కాన్పు కేసుతో వెళ్లిన ఆశా కార్యకర్త తెల్లవారుజామున తిరిగి వచ్చుటకు తోడు, వాహనము ఉన్నవా అని ఆ వార్డు సభ్యుడు విచారింపవలెను.

6. కాగితముల సహాయము. ఆరోగ్య పథకముల కార్డులు, బీమా పత్రములు ఉన్నవా, బ్యాంకు ఖాతా, నామినీ వివరములు సరిగనున్నవా అని సంవత్సరమునకొకసారి సచివాలయ సిబ్బందిచే సరిచూపింపవలెను. ఆపద వచ్చిన పిదప కాగితములకై తిరుగుట కంటె ముందుగా చూచుకొనుట మేలు.

చేయరాని పనులు

గ్రామసభలో గాని, రచ్చబండ వద్ద గాని, ఫోనులలోని వాట్సాప్ బృందములలో గాని కార్యకర్త జబ్బును పేరు పెట్టి ప్రస్తావింపరాదు. సానుభూతితో చెప్పినను హాని హానియే. ఆమె తరచుగా సెలవు పెట్టుచున్నదని ఫిర్యాదు వచ్చినచో, వెంటనే పై అధికారికి అర్జీ వ్రాయుటకు ముందు, డాక్టరుతో ఏకాంతమున మాటలాడవలెను. ఆమె విధి నిర్వహణ వలన రోగులకు అపాయము కలుగునను అనుమానమున్నచో, దానిని తేల్చవలసినవాడు డాక్టరు. తీర్పు చెప్పవలసినది రచ్చబండ కాదు. క్షయ నయమై తిరిగి పనిలోనికి వచ్చిన కార్యకర్తను ఎవరైన గడప బయట నిలిపినచో, సర్పంచి స్వయముగా ఆ ఇంటికి పోయి, తన మనుమనికి టీకా వేసినది ఆమెయేనని చెప్పగలిగినచో, వంద కరపత్రములు చేయలేని పని ఆ ఒక్క మాట చేయును.

ఇందు దేనికిని పెద్ద ఖర్చు లేదు. కొన్నిటికి ఒక ఉత్తరము చాలును. కొన్నిటికి ఒక మంచి మాట చాలును. కొన్నిటికి మౌనము చాలును.

కావున పంచాయతీ సభ్యులు రాబోవు సమావేశపు అజెండాలో, త్రాగునీరు, వీధి దీపములతో పాటు, "గ్రామ ఆరోగ్య సిబ్బంది క్షేమము" అను ఒక అంశమును చేర్చవలెనని కోరుచున్నాము. ఆ సమావేశమునకు నర్సమ్మగారిని, ఆశా కార్యకర్తలను ఆహ్వానించి, "అమ్మా, మీ పనికి మా వలన ఏమి కావలెను?" అని అడుగవలెను. వారు మొదటిసారి ఏమియు చెప్పకపోవచ్చును. రెండవసారి మరుగుదొడ్డి తలుపు మాట చెప్పుదురు. మూడవసారికి, అడుగువారు నమ్మదగినవారని తోచినచో, తమ ఆరోగ్యమునకు కావలసిన సదుపాయమును తామే చెప్పుదురు. ఆ నమ్మకమును సంపాదించుట ప్రతి పంచాయతీకిని సాధ్యమైన పని.